ఫోను బాగుంది, తంటా అంతా సున్నాల దగ్గరే

పోయిన నెల కడపలో ఏడు రోడ్ల దగ్గర ఒక మొబైల్ షాపులో కొత్త ఫోను తీసుకున్నాను. షాపు పేరు రాయడం లేదు. అక్కడ కౌంటర్‌లో కూర్చునే పిల్లోడి ఉద్యోగం నా రివ్యూ వల్ల పోవడం నాకిష్టం లేదు. ఫోను కంపెనీ పేరు కూడా అక్కర్లేదు, ఎందుకంటే నేను చెప్పబోయేది ఏ కంపెనీ ఫోనుకైనా వర్తిస్తుంది.

ముందు ఫోను సంగతి. ధర 18,500. బ్యాటరీ రాత్రి దాకా వస్తుంది. ఎండలో క్వారీ దగ్గర నిలబడినా స్క్రీన్ కనిపిస్తుంది, నాకు కావాల్సింది అదే. స్పీకర్ గట్టిగా ఉంది, పాలిష్ మిషన్ల రొదలో కూడా రింగు వినపడుతుంది. కెమెరా సంగతి మా పిల్లల్ని అడగాలి. ఐదుకు నాలుగు చుక్కలు ఇస్తాను.

షాపు వాళ్లు చేసిన కాంటాక్ట్స్ ట్రాన్స్‌ఫర్‌కు మాత్రం ఒక్క చుక్క. అది కూడా ఆ పిల్లోడు మర్యాదగా మాట్లాడాడని.

మాది ఎర్రగుంట్ల దగ్గర బండల వ్యాపారం. నాపరాయి పాలిష్ పట్టించి చెన్నైకి, బెంగళూరుకి, అప్పుడప్పుడు పూణే దాకా లోడు పంపుతాం. ఫోన్‌లో 1,140 నంబర్లున్నాయి. కొన్ని కీప్యాడ్ ఫోన్ల కాలం నుంచి సిమ్ములోనే ఉండిపోయినవి, పేర్లు సగంలో తెగి ఉంటాయి. ‘పాలిష్ మిషన్ ఎల’ అంటే ఎలక్ట్రీషియన్ అని నాకొక్కడికే తెలుసు.

ఆ నంబర్లలో సున్నాలు చాలా ఉన్నాయి. ఒకప్పుడు మన సెల్లు నుంచి పక్క రాష్ట్రం సెల్లుకు చేయాలంటే ముందు సున్నా కొట్టాల్సిందే. ఆంధ్రా నంబర్లకు అక్కర్లేదు. అందుకని చెన్నై వాళ్లవి, బెంగళూరు వాళ్లవి అన్నీ సున్నాతోనే సేవ్ చేసుకున్నాను. ఇప్పుడు ఆ సున్నా అవసరం లేదు గానీ, ఉన్నా కాల్ పోతుంది, నష్టం లేదు. ల్యాండ్‌లైన్లకైతే 044, 080 అని సున్నా ఎలాగూ ఉంటుంది. కువైట్‌లో ఉన్న మా బావమరిది నంబరు 00965తో మొదలవుతుంది. కడప, ప్రొద్దుటూరు ల్యాండ్‌లైన్లు కొన్ని డైరీలోంచి ఎక్కించినవి, కోడ్ లేకుండా ఆరంకెలే.

కొత్త ఫోన్‌లో వాట్సాప్ తెరిస్తే బావమరిది పేరు రాలేదు. ఉత్త నంబరు కనిపించింది. తప్పు నాదే, నేను 00తో సేవ్ చేశాను కదా. అక్కడ + ఉండాలి. నేను ఆ సంగతి తెలియక షాపు పిల్లోడినే అడిగాను. వాడు తల ఊపి, “అన్నీ పాత నంబర్లు సార్, ముందు +91 పెట్టేస్తే సెట్ అయిపోతాయి” అన్నాడు. కొత్త ఫోన్‌లో ఉన్నవి తీసేసి, పాత ఫోన్‌లోని నంబర్లను వాళ్ల కంప్యూటర్‌లో గడుల పట్టికలాంటి ఒక షీటుగా మార్చి, మొత్తం అన్నిటికీ ఒక్క దెబ్బతో +91 తగిలించి మళ్లీ ఎక్కించాడు. పది నిమిషాల పని. ట్రాన్స్‌ఫర్‌కు 200 తీసుకున్నాడు. పాత ఫోను ఎక్స్ఛేంజ్ కింద వాళ్లకే ఇచ్చేశాను, వాడు అక్కడే రీసెట్ కొట్టాడు.

పోతూ పోతూ ‘అసిస్టెడ్ డయలింగ్’ అనే సెట్టింగు కూడా ఆన్ చేసి, “ఇంక కోడ్‌లన్నీ ఇదే చూసుకుంటుంది సార్” అన్నాడు. తర్వాత తెలిసింది, అది మనం విదేశానికి పోయినప్పుడు అక్కడి నుంచి ఇంటికి చేసే కాల్స్‌కు దేశం కోడ్ తగిలించేదని. ఎర్రగుంట్లలో కూర్చున్నవాడికి దాంతో పనేముంది?

ఆ రాత్రి మా లోడు చెన్నైకి పోతోంది. పుత్తూరు దాటాక డ్రైవరు ఫోన్ చేసి, దించాల్సిన చోట సేటు నంబరు పంపమన్నాడు. కాంటాక్టు వాట్సాప్‌లో షేర్ కొట్టి పడుకున్నాను. రెండున్నరకు మళ్లీ ఫోను. “అన్నా, ఈ నంబరు పోవడంలే. తప్పు నంబరంటాండాది.” నేను చేసి చూశాను. మీరు డయల్ చేసిన నంబరు సరైనది కాదని ముందు తెలుగులో, తర్వాత ఇంగ్లీషులో చెప్పింది. సేటు పదిహేనేళ్లుగా అదే నంబరు వాడుతున్నాడు, మార్చి ఉండడు. కళ్లజోడు పెట్టుకుని చూస్తే అప్పుడు కనిపించింది: +910, ఆ తర్వాత పది అంకెలు.

కొత్త ఫోన్‌లో నంబరు మీద వేలు పెట్టి నొక్కితే కాపీ అవుతుంది, దాన్ని డయల్ ప్యాడ్‌లో వేసుకుని మధ్యలో సున్నా చెరపవచ్చు. ఆ మాట తెలియక, ఆ అర్ధరాత్రి పాత బిల్లు వెనకాల పది అంకెలు రాసుకుని, వాటిని చూస్తూ డ్రైవరుకు మెసేజ్ కొట్టాను. ఒక అంకె తప్పు పడింది. మళ్లీ కొట్టాను. లారీ గంటన్నర ఆలస్యం, దించే హమాలీలు లేచి వెళ్లిపోయారు. ఆ రోజు హమాలీ ఖర్చు రెట్టింపు పడింది.

ఆదివారం బెంగళూరు నుంచి మా అమ్మాయి వచ్చింది. విషయం చెబితే ముందు నవ్వింది. గూగుల్ కాంటాక్ట్స్‌లో గడిచిన 30 రోజుల్లో ఏ నాటి స్థితికైనా వెనక్కి తెచ్చుకునే సౌకర్యం ఉందట. చూసింది, లాభం లేదు. పిల్లోడు నంబర్లను పాడు చేశాకే అకౌంట్‌లోకి ఎక్కించాడు కాబట్టి, వెనక్కి వెళ్లడానికి మంచి నంబర్లు అందులో ఎప్పుడూ లేవు.

“ఒక్కొక్కటీ కూర్చుని సరిచేద్దామా?” అన్నాను. “1,140 నంబర్లు, నాయనా!” అని ల్యాప్‌టాప్ తీసింది. కాంటాక్ట్స్ అన్నీ ఒక ఫైల్‌గా దింపింది. దాన్ని షీటులో తెరిస్తే, నంబర్లున్న గడులు చాలావరకు 9.19E+11 లాగా కనిపించాయి. నాకు గుండె ఆగినంత పనైంది. షీటు వాటిని ఫోన్ నంబర్లు అనుకోలేదు, లెక్క అనుకుంది. ప్లస్సు తీసేసి, పెద్ద సంఖ్య కదా అని కుదించి చూపించింది. అలాగే సేవ్ కొట్టి ఉంటే నిజంగానే పోయేవట. సేవ్ చేయకుండా మూసేసి, ఈసారి నంబర్లున్న నిలువు వరుసను ‘టెక్స్ట్’గా తీసుకోమని చెప్పి మళ్లీ తెరిచింది. ప్లస్సులు, సున్నాలు అన్నీ చోట్లో ఉన్నాయి. ఇలాంటి పని ఎవరైనా చేయబోతే ముందు ఇది గుర్తుపెట్టుకోండి.

తర్వాత తను చేసింది నాకు బాగా నచ్చింది, కొంచెం వివరంగా చెబుతాను. సున్నా అంటే మన ఊరి బయటికి ట్రంకు లైను ఇవ్వమని అడగడం. 00 అంటే దేశం బయటికి లైను ఇవ్వమనడం. ప్లస్సు అంటే ఏ దేశంలో ఉన్నా ఆ బయటి లైను గుర్తు. అమెరికాలో బయటికి పోవడానికి 011 కొట్టాలి, మనకు 00, ప్లస్సు పెడితే ఆ తేడా ఫోనే చూసుకుంటుంది. ప్లస్సు, దేశం కోడ్ పెట్టాక ఇక ట్రంకు సున్నాకు చోటు లేదు. కాబట్టి +91 తర్వాత సున్నా వచ్చిందంటే అది తప్పే. సెల్లు కానీ, ల్యాండ్‌లైను కానీ.

అయితే +910ని +91గా మార్చేస్తే అయిపోతుంది కదా అన్నాను. “మామయ్య నంబరు పోతుంది” అంది. నిజమే, బావమరిదిది +9100965 అయి ఉంది. ముందే సున్నా తీస్తే అది +910965 అవుతుంది, ఎటూ కాకుండా పోతుంది. అందుకని వరుసగా చేసింది. ముందు +91+ ఉన్న చోటల్లా ఉత్త + చేసింది, ఎందుకంటే నేను కొన్ని సరిగ్గానే ప్లస్సుతో సేవ్ చేసి ఉన్నాను, వాటికీ పిల్లోడు ఇంకో +91 తగిలించాడు. తర్వాత +9100ని + చేసింది. ఆఖరున +910ని +91 చేసింది. మూడు రీప్లేస్‌లు, టీ చల్లారేలోపు అయిపోయాయి.

మిగిలినవే కొంచెం విసిగించాయి. ప్లస్సు లేకుండా 91తో ఉన్న పాతవి +9191 అయ్యాయి. కానీ 91తో మొదలయ్యే అసలు సెల్ నంబర్లు కూడా ఉన్నాయి కదా, గుడ్డిగా తీయకూడదు. పక్కన ఇంకో వరుసలో అంకెలెన్నో లెక్క కట్టించింది. +91 తర్వాత పదే అంకెలుంటే సరైనది, పన్నెండు ఉంటే 91 రెండుసార్లు పడింది. ఈ పది అంకెల లెక్క ల్యాండ్‌లైన్లకూ పనికొస్తుంది. చెన్నై 44 తర్వాత ఎనిమిది, కడప 8562 తర్వాత ఆరు, ఎలా కూడినా పదే. ఆరంకెల పాతవాటికి కడపవైతే 8562, ప్రొద్దుటూరువైతే 8564 నేనే చెబుతూ పోయాను, తను కొడుతూ పోయింది. కరెంటు ఫిర్యాదుల 1912కు కూడా +91 పడి ఉంది. అది చూసి ఇద్దరం నవ్వుకున్నాం.

పాతవన్నీ తీసేసి కొత్త ఫైలు ఎక్కించింది. తీయకుండా ఎక్కిస్తే ప్రతి పేరూ రెండుసార్లు పడుతుందట. ఎక్కించాక బావమరిది పేరు వాట్సాప్‌లో ఫొటోతో సహా వచ్చింది. వెంటనే నేను ఫోన్ చేస్తే, “ఏం బావా, ఇన్నాళ్లకు గుర్తొచ్చానా” అన్నాడు.

ఆఫీసులో ఒక చిన్న చిక్కు మిగిలింది. మాకింకా ల్యాండ్‌లైను ఉంది. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైను నుంచి ఏ సెల్లుకు చేసినా ముందు సున్నా కొట్టాలి, పక్క వీధిలో ఉన్నవాడికైనా సరే. మా గుమాస్తా నా ఫోన్ చూసి +91ని 91గా కొట్టి, కాల్ పోవడం లేదని రిసీవర్ మీద కోప్పడేవాడు. ప్లస్ తొమ్మిది ఒకటి కనిపిస్తే దాని బదులు సున్నా కొట్టమని ల్యాండ్‌లైను పక్కన గోడకు కాగితం అంటించాం. సెల్లులో సున్నా తీయించుకున్నాం, ల్యాండ్‌లైనులో సున్నా పెట్టించుకున్నాం!

మళ్లీ కడప పోయినప్పుడు ఆ షాపుకు వెళ్లాను. గొడవ పెట్టుకోలేదు. మూడు రీప్లేస్‌ల వరుస చెప్పాను. పిల్లోడు ఒక కవర్ డబ్బా అట్ట వెనకాల రాసుకున్నాడు, రెండోదీ మూడోదీ తారుమారు చేస్తే మళ్లీ రాయించాను. నా 200 అడిగితే ఓనరు లేడన్నాడు. దాని బదులు టెంపర్డ్ గ్లాసు ఫ్రీగా వేశాడు. కుడి పక్క పైమూల ఒక బుడగ ఉంది.