టర్కీ కోడి వేటకు 12 గేజా, 20 గేజా?

అమెరికాలో వసంతకాలపు టర్కీ వేటకు తుపాకీ కొనేవాళ్లకు ముందు ఎదురయ్యే ప్రశ్న ఇదే. గేజ్ అంటే తుపాకీ గొట్టం వెడల్పు కొలత; అంకె చిన్నదైతే గొట్టం పెద్దది. 12 గేజ్ తూటాలో గుండ్లు ఎక్కువ పడతాయి, మామూలు సీసం గుండ్లతోనే పని జరుగుతుంది. కానీ బరువు ఎక్కువ, భుజానికి దెబ్బా ఎక్కువే. తెల్లవారకముందే చెట్టుకు ఆనుకుని, మోకాలి మీద తుపాకీ ఆనించి గంటసేపు కదలకుండా కూర్చోవాలంటే 20 గేజే హాయి. దాని లోటు తీర్చేవి టంగ్‌స్టన్ గుండ్లు. సీసం సాంద్రత ఘన సెంటీమీటరుకు 11.3 గ్రాములైతే, వీటిది దాదాపు 18. అందుకే సన్నటి 9 నంబరు గుండు కూడా లోతుగా దిగుతుంది. ధర చూస్తే మాత్రం గుండె గుభేలుమంటుంది. అయినా నా ఓటు 20 గేజ్‌కే.

ఏది కొన్నా, 40 గజాల దూరంలో కాగితం పెట్టి కాల్చి చూడండి. 10 అంగుళాల వలయంలో గుండ్లు ఒత్తుగా పడకపోతే, పక్షి ఇంకా దగ్గరికి వచ్చేదాకా ఆగండి. గురి తల, మెడ మీదే.