నాలుగేళ్ల కింద పై రెప్పల ఆపరేషన్ చేయించుకున్నా, ఇప్పుడెట్లుందంటే

హన్మకొండలో జాకెట్లు కుట్టే షాపు నాది. నలభై ఐదు దాటినప్పటి నుంచి పై రెప్పల మీద చర్మం వదులై, బయటి మూలల్లో వెంట్రుకల మీదికి వాలేది. సాయంత్రం సూదిలో దారం ఎక్కించాలంటే కనుబొమ్మలు పైకి లాగి పట్టుకోవాలి, నుదురంతా గుంజేది. షాపుకొచ్చే వాళ్లందరిదీ ఒకటే మాట, "ఏందక్కా, రాత్రి నిద్ర పోలేదా?" అని. ఎనిమిది గంటలు పడుకుని లేచిన రోజు కూడా అదే మాట. పనికి ఇబ్బంది నిజమే, కానీ ఎక్కువగా అందం కోసమే చేయించుకున్నా. అది చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు.

మొదట పోయిన క్లినిక్ పేరు చెప్పను. కంట్లోకి టార్చి కూడా వేసి చూడలేదు. పైవి, కిందివి నాలుగు రెప్పలూ కలిపి చేస్తాం, ఈ వారంలో డబ్బు కడితే తగ్గిస్తాం అన్నారు. అడ్వాన్సు తీసుకున్నారు, అది వాపసు ఇయ్యడానికి రెండు నెలలు తిప్పించుకున్నారు. నాకు ఆ కోపం ఇంకా పోలేదు.

తర్వాత కాజీపేటలో పొద్దుగాల రైలెక్కి సికింద్రాబాద్ పోయి, కంటి డాక్టర్లలోనే రెప్పల ఆపరేషన్లు చేసే ఒక మేడమ్‌ను కలిశాను. వీళ్లను ఓక్యులోప్లాస్టీ డాక్టర్లంటారు. ఆమె చిన్న స్కేలు పెట్టి కంటిపాప నడుమ నుంచి పై రెప్ప అంచు దాకా కొలిచింది. నాలుగు మిల్లీమీటర్లు వచ్చింది. అంటే రెప్పను ఎత్తే కండరం బాగానే ఉంది, వేలాడేది చర్మం ఒక్కటే. ఆ కండరమే బలహీనపడితే చేసే ఆపరేషన్ వేరు, అప్పుడు ఉత్త చర్మం కోస్తే రెప్ప లేవదట. బీపీ, షుగర్, థైరాయిడ్, రక్తం పలచబడే మందులు, అన్నీ అడిగింది. తర్వాత కింది రెప్ప లోపల సన్నటి కాగితం ముక్క తగిలించి ఐదు నిమిషాలు కళ్లు మూసుకోమంది. కన్నీళ్లు కుడి కాగితాన్ని 9 మిల్లీమీటర్లు, ఎడమదాన్ని 11 తడిపాయి. పది దాటితే నయమట. "మీ కళ్లు కొంచెం పొడిగా ఉన్నయమ్మా. చర్మం తక్కువే తీస్తా, చుక్కలు మాత్రం వాడాలె" అంది. కింది రెప్పలు వద్దే వద్దంది. అక్కడున్న నలుపు కొవ్వు సంచి కాదు, చర్మం రంగే, కోస్తే పోదని అద్దంలో చూపించి మరీ చెప్పింది.

2021లో దీపావళి అయినంక చేయించుకున్నా. గీతలు కూర్చోబెట్టే గీసింది, పడుకుంటే చర్మం పక్కకు జారుతుందని. సన్నటి చిమటాతో మడత పట్టుకుని, కన్ను మూయించి, మళ్లీ కాస్త వదిలి పట్టుకుంది. ఎందుకో నాకు వెంటనే అర్థమైంది. జాకెట్ గుడ్డ వదులుంటే మళ్లీ కోసుకోవచ్చు, ఎక్కువ కోస్తే ఎట్ల అతుకుతం? రెప్ప చర్మం ఎక్కువ పోతే కన్నే మూతపడదు.

మత్తు సూది బాగా మండింది. ఆ తర్వాత నొప్పి లేదు గానీ గుంజినట్టు తెలుస్తుంది, రక్తం ఆపడానికి కాల్చే వాసన వస్తుంది. మనం మెలకువగానే ఉంటాం. నాకు గంట పైన పట్టింది. మందులు, పరీక్షలతో కలిపి 55 వేలయింది. అందం కోసం చేసుకున్నదానికి ఇన్సూరెన్స్ రాదు.

ఆపరేషన్ అయినంక రెండు రాత్రులు అక్కడే చెల్లెలింట్లో ఉన్నా. కన్ను బయటికి తోసుకొచ్చినట్టు విపరీతమైన నొప్పి వచ్చినా, చూపు తగ్గినా ఎంత రాత్రయినా పరుగెత్తి రావాలన్నారు. కంటి వెనక రక్తం పేరుకుంటే చూపే పోవచ్చట. చాలా అరుదు, కానీ ఆ మాట విన్నాక దూరం పోబుద్ధి కాలేదు.

వాపు మొదటి రోజు కన్నా రెండో రోజు ఎక్కువైంది. మూడో రోజుకు నీలం చెంపల మీదికి దిగింది, తర్వాత పసుపు రంగుకు తిరిగింది. ఐసు గుడ్డ, తల ఎత్తుగా రెండు దిండ్లు, రెప్పలకు ఆయింట్‌మెంట్. దాంతో చూపంతా మసక. ఆరో రోజు కుట్లు తీశారు. వారంలో పనికి పోవచ్చన్నారు గానీ నాకు సూదిలో దారం ఎక్కింది పదమూడో రోజున. పెళ్లిళ్ల సీజన్ ముందు పెట్టుకోకండి.

ఎవ్వరూ గట్టిగా చెప్పని సంగతి పొడిబారడం. పదో రోజు రాత్రి మా బిడ్డ లేపి, "అమ్మా, నీ కండ్లు సగం తెరిచే ఉన్నయ్" అని భయపడ్డది. సన్నగా తెల్లగుడ్డు కనిపిస్తోందట. రాత్రి జెల్ వేసుకుంటే నెలన్నరకు సర్దుకుంది. 2022 ఫిబ్రవరిలో మేడారం పోతే ఆ దుమ్ముకు కళ్లు మండిపోయి, గద్దెల దగ్గర తల్లులను సరిగ్గా చూడలేకపోయాను. ఆ బాధ ఇప్పటికీ ఉంది. 2024 జాతరకు చల్లద్దాలు, చుక్కలు పట్టుకుని పోయి కరువు తీరా చూసి వచ్చాను.

రెప్ప మొద్దుబారి, కాటుక పెట్టుకుంటే వేలు తగిలినట్టే ఉండేది కాదు, నాలుగు నెలలకు స్పర్శ వచ్చింది. కుట్టు గీత మీద ఆవగింజలో సగమంత తెల్ల పొక్కులు రెండు లేస్తే మేడమ్ సూదిమొనతో తీసేసింది. గీత ఆరు నెలలు గులాబీ రంగులో ఉండి, తర్వాత మడతలో కలిసిపోయింది. ఇప్పుడు నేను చూపిస్తే తప్ప ఎవరికీ కనబడదు. ఆ కుట్టు పనికి నేను దండం పెడతా.

ఇప్పుడు బయటి మూలలో చర్మం మళ్లీ కొద్దిగా వదులైనట్టుంది, వయసు ఆగదు కదా. కింది నలుపు అట్లనే ఉంది. అయినా నుదురు గుంజడం లేదు, నిద్ర పోలేదా అని అడిగేవాళ్లూ లేరు. పై రెప్పలకు మళ్లీ చేయించుకోమన్నా చేయించుకుంటా. చుక్కలు మాత్రం రోజుకు రెండుసార్లు ఇప్పటికీ వేసుకుంటున్నా. సీసా తెరిచిన తారీఖు సుద్దతో మిషన్ బల్ల మీద రాసుకుని, నెల కాగానే పారేసి కొత్తది తెచ్చుకుంటా.