ఎమ్మెల్యేకి ఫైలు కావాలంటే ఏది మేలు: సభలో ప్రశ్నా, ఆర్టీఐనా, పీఏసీనా?

హైదరాబాద్‌లో ఒక చెరువు సుందరీకరణ పనుల ఫైలు కావాలనుకుందాం. లెటర్‌హెడ్ మీద ఉత్తరం రాస్తే మర్యాదకు జవాబు రావచ్చు గాని, ఆ ఉత్తరం చూసి ఫైలు ఇచ్చి తీరాలని ఏ చట్టమూ చెప్పదు. రాజ్యాంగం 194వ అధికరణ కింద ఉన్న హక్కులు సభకు, కమిటీలకు, సభాకార్యంలో ఉన్న సభ్యుడికి. ఒంటరిగా ఆఫీసుకెళ్లి అడిగే ఎమ్మెల్యేకి అవి తోడు రావు. అమెరికాలో 1928 నాటి చట్టం ప్రకారం ప్రతినిధుల సభ పర్యవేక్షణ కమిటీలో ఏడుగురు కలిసి అడిగితే సమాచారం ఇవ్వాలి. మనకు అలాంటి వెసులుబాటు లేదు.

సభలో నక్షత్ర గుర్తు ప్రశ్న (మంత్రి సభలోనే నోటితో జవాబు చెప్పాల్సినది) వేస్తే మంత్రి చేత రికార్డుగా చెప్పించవచ్చు, అనుబంధ ప్రశ్నలతో నిలదీయవచ్చు. కానీ చేతికొచ్చేది జవాబే, ఫైలు కాదు. స్పీకర్ ప్రశ్నను అనుమతించకపోతే, సభా కార్యవిధానంలో లోపం పేరుతో కోర్టుకెళ్లడానికి 212వ అధికరణ అడ్డం. జవాబు అబద్ధమైతే సభా హక్కుల నోటీసు ఇవ్వవచ్చు. అయితే మంత్రి కావాలనే తప్పుదోవ పట్టించారని చూపాలి, అందుకు కాగితం కావాలి.

ఆ కాగితం ఇచ్చేది ఆర్టీఐ, అంటే సమాచార హక్కు చట్టం. అందుకే ముందు అదే వేయాలంటాను. ఇక్కడ ఎమ్మెల్యే కూడా మామూలు పౌరుడే: 10 రూపాయల ఫీజు, 30 రోజుల గడువు, కారణం చెప్పనక్కర్లేదు. "ఈ పని ఎందుకు ఆలస్యమైంది?" అని రాస్తే దరఖాస్తు అక్కడే దెబ్బతింటుంది, ఎందుకంటే లేని వివరణను తయారుచేసి ఇవ్వాల్సిన బాధ్యత అధికారికి లేదు. ఒప్పందం, నోట్‌షీట్లు, ఎంబీ రికార్డు (జరిగిన పని కొలతల పుస్తకం), చెల్లించిన బిల్లులు అని పేరుపేరునా, ధ్రువీకరించిన నకళ్లుగా అడగాలి. గడువు దాటితే 30 రోజుల్లో మొదటి అప్పీలు, ఆ తర్వాత 90 రోజుల్లో సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. ఈ మెట్లు ఎక్కకుండా హైకోర్టులో రిట్ వేస్తే, ముందు అప్పీలుకు వెళ్లమనే అవకాశమే ఎక్కువ.

వ్యక్తుల వివరాల దగ్గర మాత్రం ఆర్టీఐ బలం తగ్గింది. చట్టసభకు నిరాకరించలేని సమాచారాన్ని ఎవరికీ నిరాకరించరాదన్న వాక్యం ఆర్టీఐ చట్టం సెక్షన్ 8(1)(జె)లో ఉండేది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం దాన్ని తీసేసింది. లబ్ధిదారుల జాబితా లాంటివాటికి ఇప్పుడు సభే నయం.

ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ నివేదికలో ఆ పని ప్రస్తావన ఉంటే పీఏసీ (సభ ప్రజా పద్దుల కమిటీ) అన్నిటికన్నా గట్టిది, అధికారినీ రికార్డునూ పిలిపించగలదు. కానీ పిలిచేది కమిటీ, ఒక సభ్యుడు కాదు. కమిటీ నివేదిక సభ ముందుకు రాకముందే అక్కడి కాగితాలు పత్రికలకిస్తే హక్కుల ఉల్లంఘన ఆ సభ్యుడి మీదికే వస్తుంది.