బండికి సీటు బెల్టులు మార్పించేవాళ్ళు జాగ్రత్త, పాతవి కుట్టి కొత్తవని అంటగడుతున్నారు

బెజవాడ ఆటోనగర్‌లో పాత బళ్ళు కోసే సందులో సీట్లూ బెల్టులూ చేసే షాపు, ట్రావెల్స్ వాళ్ళందరికీ తెలిసిందే, పేరు రాయను, రాస్తే రేపు నా బండికి అద్దాలు ఉండవు. నా 17 సీటర్ టెంపో ట్రావెలర్‌కి ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) దగ్గరపడింది, వెనక బెల్టులు కొన్ని ఎలకలు కొరికేశాయి, కొన్నిటికి లాచ్‌లే లేవు. అన్నీ కొత్త రీల్ బెల్టులు (లాగితే సాగి, వదిలితే చుట్టుకునేవి) వేస్తా, సీటుకి 1,400 అన్నాడు. మొత్తం ముందే చేతిలో పెట్టా, అంత తెలివి మరి మనది.

సాయంత్రం వెళ్ళి మూడో వరస కిటికీ పక్క బెల్టు పట్టుకుని ఒక్క గుంజు గుంజా. లాక్ పడి టక్కున ఆగాలి కదా, పైజమా బొందులా మొత్తం చేతికొచ్చేసింది! అనుమానమొచ్చి కింద బోల్టు దగ్గర చూస్తే పట్టీ కోసి మడతపెట్టి గోనెసంచుల దారంతో కుట్టాడు, లేబుల్ సగం ఆ కుట్టులోనే పోయింది. బోల్టు మీద వేలు రాస్తే నల్ల పెయింటు అంటింది, దాని కింద తుప్పు. యాక్సిడెంట్ బండిలోంచి పీకినవని మా క్లీనర్ కుర్రాడికి కూడా అర్థమైపోయింది.

ఏంటయ్యా ఇది అంటే టీ గ్లాసు కింద పెట్టకుండానే "బెల్టు దేనికన్నా, బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కి చూపించడానికేగా, వెనక ఎవడు పెట్టుకుంటాడు" అన్నాడు. చుట్టూ ఉన్నోళ్ళు నవ్వారు. నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది. నా బండెక్కేది తిరుపతి వెళ్ళే ముసలాళ్ళు, పెళ్ళిళ్ళకెళ్ళే చంటిపిల్లల తల్లులు. 2022లో టాటా గ్రూపు మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ కారు యాక్సిడెంట్‌లో, వెనక సీట్లో బెల్టు పెట్టుకోకుండా పోయినప్పుడు దేశమంతా వెనక బెల్టు గురించే మాట్లాడిందిరా బాబూ అంటే, "ఆయన కారు వేరు, నీ బండి వేరు" అట! డబ్బులు తిరిగియ్యమంటే సరుకు వాడేశావు అన్నాడు. ఏం వాడాను నాయనా, ఒక్కసారి గుంజా, అంతేగా. బిల్లడిగితే తెల్లచీటీ మీద 'బెల్ట్ వర్క్' అని గీకి పడేశాడు.

తర్వాత తెలిసినాయన చెప్పాడు, యాక్సిడెంట్‌లో ఒకసారి బరువు పడ్డ పట్టీ సాగిపోతుందట, పైకి బాగానే కనపడుతుంది, దాన్ని మళ్ళీ వాడకూడదు. రీల్ లోపల చిన్న గుండులాంటిది ఉంటుంది, బండి ఒక్కసారిగా ఆగితే అది కదిలి లాక్ వేస్తుంది, అందుకే రీల్‌ని కంపెనీ చెప్పిన కోణంలోనే బిగించాలి. మనవాడు ఎటు కుదిరితే అటు బిగించి పారేశాడు.

మీరెవరైనా వేయిస్తే లేబుల్ చూడండి, భారత ప్రమాణం (ఐఎస్) ప్రకారం చేసిన బెల్టేనని బిల్లులో రాయించుకోండి, బిగించాక ప్రతిదీ గుంజి చూసి అప్పుడు డబ్బులివ్వండి. బెజవాడ, గుంటూరు వైపు కంపెనీ బెల్టులు సరిగ్గా వేసేవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండన్నా, ఎఫ్‌సీ నెత్తి మీదకొచ్చింది.