కార్క్ పట్టీయా, సిలికోనా? పాత షెవీ 350కి ఇన్‌టేక్ తిరిగి బిగించేటప్పుడు ఏది మేలు

మాది 1978 షెవర్లే సి10 పికప్ ట్రక్, స్క్వేర్ బాడీ అనే చదరపు ఆకారం మోడల్, 350 క్యూబిక్ అంగుళాల వి8 ఇంజిన్, డాలస్ పక్కన ఇంటి గరాజ్‌లో పడుంటుంది, ఆదివారం తప్ప బయటికి తీయను. దీనికి ఇన్‌టేక్ మానిఫోల్డ్, అంటే కార్బురేటర్ నుంచి సిలిండర్లకి గాలీ పెట్రోలూ పంచే భాగం, రెండుసార్లు ఊడదీసి రెండుసార్లు బిగించా. మొదటిసారి కార్క్ పట్టీలతో, రెండోసారి ట్యూబ్‌లోంచి పిండే సిలికోన్ పేస్ట్‌తో. అందుకని ఈ గొడవ మీద నాకో గట్టి అభిప్రాయం ఉంది, నచ్చకపోతే మీ ఇష్టం.

ముందు అసలు సమస్య ఎక్కడో చెప్తా. ఈ ఇంజిన్ వి ఆకారం కదా, రెండు హెడ్ల (సిలిండర్ల మీది మూతలు) మధ్య లోయలాంటి ఖాళీ ఉంటుంది, వాల్వులని కదిలించే లిఫ్టర్లన్నీ అందులోనే, ఇన్‌టేక్ మానిఫోల్డే దానికి మూత. పక్కల రెండు వైపులా హెడ్లకి ఆనుకునే చోట మామూలు గ్యాస్కెట్లు ఉంటాయి, గాలి, కూలెంట్ వాటి గుండానే వెళ్తాయి, అక్కడ పెద్ద వాదన లేదు. వాదనంతా ముందు వెనక ఉండే రెండు అడ్డగోడల దగ్గర, ఇక్కడి వాళ్ళు చైనా వాల్స్ అంటారు. బ్లాక్ మీద వేలెడు వెడల్పు చదునుగా ఉంటుంది, దానికీ మానిఫోల్డ్ అడుగుకీ మధ్య కాస్త సందు, ఆ సందుని ఏదో ఒకటి పెట్టి మూసేయాలి, లేకపోతే లోపలి ఆయిల్ బయటికొస్తుంది. గ్యాస్కెట్ సెట్ కొంటే డబ్బాలో దీనికోసం కార్క్‌వో రబ్బరువో రెండు పట్టీలు ఇస్తారు. డబ్బాలో ఇచ్చారంటే పెట్టాలనేగా అనుకుంటాం, నేనూ అదే అనుకున్నా.

పెట్టా. రెండు నెలలు బానే ఉంది. తర్వాత గరాజ్‌లో ట్రక్ కింద మరక మొదలైంది, ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఉండే బెల్ హౌసింగ్ తొడుగు అడుగు నుంచి చుక్క చుక్క. ఒక షాపుకి తీసుకెళ్తే చూసీ చూడగానే రియర్ మెయిన్ సీల్ (క్రాంక్ షాఫ్ట్ వెనక చివర ఆయిల్ ఆపే సీల్) పోయింది, గేర్‌బాక్స్ దించాలి అన్నాడు, ఆయన చెప్పిన రేటు వింటే నాకు మంచినీళ్ళు కావాల్సొచ్చింది. ఎందుకో నమ్మబుద్ధి కాక ఇంటికొచ్చి ఇంజిన్ వెనకంతా బ్రేక్ క్లీనర్‌తో కడిగి ఆరబెట్టి, పిల్లాడి టాల్కమ్ పౌడర్ డబ్బా తెచ్చి డిస్ట్రిబ్యూటర్ (స్పార్క్ ప్లగ్గులకి కరెంటు పంచేది) వెనక నుంచి కిందదాకా చల్లి, ఇంజిన్ ఒక ఇరవై నిమిషాలు నడిపి టార్చ్ వేసి చూసా. తెల్లటి పౌడర్ మీద నల్లగా సన్నటి దారం లాగా గీత, మానిఫోల్డ్ వెనక గోడ దగ్గర మొదలై బ్లాక్ వెనక నుంచి నేరుగా బెల్ హౌసింగ్‌లోకి. కార్క్ పట్టీ మధ్యలో వెనక్కి జారి నాలిక బయటపెట్టినట్టు వేలాడుతోంది! మీకు ఎవరైనా రియర్ మెయిన్ సీల్ అని చెప్తే ముందు పైన చూడండి బాబూ, ఆయిల్ కిందికే కారుతుంది, పైనున్న లీకు కూడా కిందే కనిపిస్తుంది.

కార్క్ ఎందుకు జారుతుందో మళ్ళీ ఊడదీసినప్పుడు అర్థమైంది. ఆ పట్టీ మందం ముందూ వెనకా ఒకటే, కానీ సందు మాత్రం ఇంజిన్‌ని బట్టి మారుతుంది. యాభై ఏళ్ళలో ఎవరో హెడ్లని మెషీన్ మీద చెక్కించి ఉంటారు, హెడ్ చెక్కితే అది కిందికి దిగుతుంది, దానితోపాటు మానిఫోల్డ్ కూడా దిగుతుంది, సందు తగ్గిపోతుంది. పట్టీలు పెట్టకుండా పక్క గ్యాస్కెట్లతోనే మానిఫోల్డ్ ఊరికే పెట్టి, గోడల మీద పిల్లాడు ఆడుకునే ప్లేడో మట్టి ముద్దలు ఉంచి, నాలుగు బోల్టులు వేలితో తిప్పి, తీసి ముద్ద ఎంత మందం మిగిలిందో చూసా. ముందు నాలుగు మిల్లీమీటర్లు, వెనక మూడు కూడా లేదు. అంత సందులో కార్క్ దూర్చి బిగిస్తే అది నలిగి ఎటో ఒకటి పోవాల్సిందే, దానికి తోడు గోడ మీద కాస్త ఆయిల్ తడి ఉంటే ఇక జారుడుబల్లే. ఇంకో ప్రమాదం కూడా ఉంది, ఇది లీకు కంటే పెద్దది. కార్క్ మరీ మందమైతే మానిఫోల్డ్ దాని మీద కూర్చుంటుంది, హెడ్ల మీద కాదు, అప్పుడు పక్క గ్యాస్కెట్లు సరిగ్గా నొక్కుకోవు, పోర్టుల (గాలి వెళ్ళే దారుల) అడుగున సందు వచ్చిందంటే ఇంజిన్ లోయలోంచి ఆయిల్ పీల్చుకుంటుంది, నీలం పొగ వస్తుంది. గాలి లీకు పట్టుకోవడానికి పైనుంచి కార్బ్ క్లీనర్ స్ప్రే కొట్టి ఎంత వెతికినా దొరకదు, ఎందుకంటే లీకు లోపల. పిస్టన్ రింగులు పోయాయనుకుని ఇంజిన్ ఓవర్‌హాల్‌కి పోయేవాళ్ళు కూడా ఉంటారు.

రబ్బరు పట్టీలు కార్క్ కంటే కాస్త నయం, కొన్నిటికి కింద బ్లాక్ రంధ్రాల్లో కూర్చునే బుడిపెలుంటాయి కాబట్టి అంత తేలిగ్గా జారవు, కానీ మందం సమస్య మాత్రం అదే.

సిలికోన్ విషయానికొస్తే, అది సందు ఎంతుంటే అంత నిండుతుంది, అదే దాని గొప్పంతా. అల్యూమినియం మానిఫోల్డ్‌లు చేసే ఎడెల్‌బ్రాక్ వాళ్ళు కూడా ఈ చివర్ల పట్టీలు వాడొద్దు, పావు అంగుళం ఎత్తు సిలికోన్ వేయమనే చెప్తారు. జంతికల గొట్టంలోంచి పిండినట్టు ఒకే తీగగా, మధ్యలో తెగకుండా, రెండు చివర్లా పక్క గ్యాస్కెట్ మీదికి కాస్త ఎక్కించి. నాలుగు మూలలే అసలు కీలకం, లీకయితే అక్కడే అవుతుంది. గోడ మాత్రం ఎముకలా పొడిగా ఉండాలి, స్క్రేపర్‌తో గీకి, బ్రేక్ క్లీనర్‌తో తుడిచి, తెల్ల గుడ్డతో రుద్దితే మరక పడకూడదు, అప్పుడు వేయాలి. లోపలికి చెత్త పడకుండా ముందే లోయనిండా పాత బనీన్లు కుక్కండి, తీయడం మర్చిపోకండి.

సిలికోన్‌లో కూడా రెండు జట్లున్నాయి, కొందరు పది నిమిషాలు ఆగి పైన పొర కట్టాక మానిఫోల్డ్ దించుతారు, కొందరు తడి మీదే దించుతారు. నేను రెండో జట్టు. పొర కడితే పైభాగం మానిఫోల్డ్‌కి అంటుకోదని నా అనుమానం, పర్మాటెక్స్ అల్ట్రా బ్లాక్ ట్యూబ్ మీద కూడా తడిగా ఉండగానే బిగించమని రాసుంటుంది. అది పూర్తిగా గట్టిపడటానికి 24 గంటలు. అంత ఓపిక లేకపోతే వాళ్ళదే రైట్ స్టఫ్ అని ఉంది, వెంటనే నడిపేయొచ్చు, రేటు ఎక్కువ, పైగా పెట్టాక సర్దుకోవడానికి టైమ్ ఇవ్వదు. ఒంటరిగా పని చేసేవాడు దాని జోలికి పోకూడదు.

సిలికోన్‌కి లోపాలు లేవని కాదు. ఎక్కువ వేసేవాడికి అదే శత్రువు. లోపలికి పొంగిన ముక్క ఎండి తెగి ఆయిల్‌లో పడితే, తిరిగి తిరిగి పంప్ జల్లెడకి అడ్డం పడొచ్చు. మళ్ళీ ఊడదీసేటప్పుడు మానిఫోల్డ్ ఓ పట్టాన రాదు, గీకడం నరకం. మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో లారీ పని చేయించేటప్పుడు పక్కన కూర్చునేవాణ్ణి, అక్కడ మేస్త్రీ ఏ జాయింట్‌కైనా షెల్లాక్ పూసి బిగించేవాడు, ఎక్కువైతే వేలితో తుడిచి పక్కనున్న కుర్రాడి చొక్కాకి రాసేవాడు. ఆ చెయ్యి కొలత మనకి రాదు, అందుకే పావు అంగుళం అంటే పావు అంగుళమే.

ఇక్కడే పోత ఇనుమా అల్యూమినియమా అన్న ప్రశ్న కూడా తగులుతుంది. ఫ్యాక్టరీ ఇనప మానిఫోల్డ్ ఒక్కడే వంగి ఎత్తి నిటారుగా దించడం నడుముకి మంచిది కాదు, అటూ ఇటూ జరిగిందంటే వేసిన సిలికోన్ తీగ చెరిగిపోయినట్టే, తీసి తుడిచి మళ్ళీ వేయాల్సిందే. అల్యూమినియంది సగం బరువు కూడా ఉండదు, వెనక డిస్ట్రిబ్యూటర్ రంధ్రం చూసుకుంటూ ఒక్కసారిగా దించేయొచ్చు. నేను రెండోసారి ఎడెల్‌బ్రాక్ పెర్ఫార్మర్ వేసా, డ్యూయల్ ప్లేన్ (లోపల గాలి దారులు రెండు అంతస్తులుగా విడిపోయిన రకం), ఐడిల్ నుంచి 5500 ఆర్‌పీఎం దాకా దాని పని, ట్రక్కుకి కావాల్సింది ఆ కింది లాగుడే. సింగిల్ ప్లేన్ పైన పరుగులకి, సి10కి దండగ. ఒరిజినల్‌గా ఉంచాలనుకునేవాళ్ళు ఇనుమే ఉంచుకోండి, కానీ బావమరిదినో పక్కింటాయన్నో పిలవండి.

మధ్యలో ఉండే ఎగ్జాస్ట్ క్రాస్‌ఓవర్ (వేడి పొగ మానిఫోల్డ్ కిందుగా వెళ్ళే దారి) మూసిన గ్యాస్కెట్ వాడాలా తెరిచింది వాడాలా అంటే, మా టెక్సస్ ఎండకి మూసిందే చాలు, కార్బురేటర్ చల్లగా ఉంటుంది. మీ చోక్‌కి (చల్లటి ఇంజిన్ స్టార్ట్ అయ్యేందుకు గాలి తగ్గించే మూత) వేడి అక్కడినుంచే వస్తుంటే మాత్రం మూయకండి, చోక్ తెరుచుకోదు. ఎలక్ట్రిక్ చోక్ అయితే బెంగ లేదు.

బోల్టులు పన్నెండు, మధ్య నుంచి బయటికి, అడ్డదిడ్డంగా, రెండు మూడు విడతల్లో. ఇనుముకి 30 ఫుట్ పౌండ్లు, నా పెర్ఫార్మర్‌కి 25. కొన్ని బోల్టు రంధ్రాలు లోపలికి తెరుచుకుని ఉంటాయి, బోల్టు థ్రెడ్ల వెంబడి ఆయిల్ పైకి పాకుతుంది, థ్రెడ్ సీలర్ రాయండి. 1987 నుంచి వచ్చిన ఇనప హెడ్లకి మధ్య బోల్టుల వాలు వేరు, ఆ తర్వాత వచ్చిన వోర్టెక్ హెడ్లకి బోల్టులు ఎనిమిదే, 11 ఫుట్ పౌండ్లకి మించి బిగించకూడదు, కాబట్టి కొనేముందు ఏ హెడ్లో చూసుకోండి. అయ్యాక ఆయిల్, ఫిల్టర్ మార్చేయండి, ఎంత జాగ్రత్తగా తీసినా కూలెంట్ కాస్త లోయలోకి పోతుంది.

నేను శనివారం మధ్యాహ్నం బిగించి ఆదివారం సాయంత్రం దాకా తాళం చెవి ముట్టుకోలేదు, అదే అన్నిటికంటే కష్టమైన పని. తర్వాత ట్రక్ కింద తెల్ల అట్టముక్క పరిచి ఉంచా, రోజూ పొద్దున్నే చూడటమే. రెండో వేసవి నడుస్తోంది, వెనక వైపు ఒక్క చుక్క పడలేదు. ముందు వైపు ఎర్రటి చుక్కలు పడుతున్నాయి, అది పవర్ స్టీరింగ్ గొట్టం, దాని గోల వేరే.