గుంటూరు బ్రాడీపేటలో డీఎస్సీ కోచింగ్: టెస్టులు సూపర్, క్లాసులు మాత్రం ఏదో అలా

సెంటర్ పేరు రాయట్లేదండి, రాస్తే ఆఫీసు నుంచి ఫోన్లు మొదలవుతాయి. బ్రాడీపేట, అరండల్‌పేట లైన్లలో తిరిగిన వాళ్ళకి ఇలాంటివి ఎన్ని ఉన్నాయో తెలుసు, పైగా కిందా మీదా చూస్తే అన్నీ ఒకే అచ్చు, కాబట్టి ఏది అయినా ఈ రివ్యూ పనికొస్తుంది. నేను 2025 మెగా డీఎస్సీకి, అంటే ప్రభుత్వ టీచర్ పోస్టుల పరీక్షకి, ఎస్జీటీ (ప్రాథమిక తరగతులకి చెప్పే సెకండరీ గ్రేడ్ టీచర్) కోసం చేరాను. మొత్తం 16,347 పోస్టులు, అందులో ఎస్జీటీ 6,371, ఇన్నేళ్ళ తర్వాత పడిన నోటిఫికేషన్ కాబట్టి జనం ఎలా వచ్చి పడ్డారో మీరే ఊహించుకోండి. చంటిపిల్లల్ని అమ్మ దగ్గర వదిలేసి హాస్టల్లో ఉన్నవాళ్ళు, ప్రైవేట్ స్కూల్ ఉద్యోగం మానేసి వచ్చినవాళ్ళు, బీఈడీ చేసి ఎస్జీటీకి అర్హత లేదని తెలిసి స్కూల్ అసిస్టెంట్‌ (హైస్కూల్ టీచర్) పోస్టుకి చదివేవాళ్ళు, అందరూ ఒకే హాల్లో.

హాలు సంగతి ముందు చెప్పేస్తా. నాలుగొందల మంది దాకా పడతారు, మైకు, రెండు టీవీ తెరలు, వెనక సగానికి బోర్డు కనపడదు. ముందు బెంచీల కోసం తెల్లారకముందే వచ్చి చున్నీలు, బ్యాగులు పెట్టి సీట్లు ఆపుతారు, దానికోసం రోజూ ఒక గొడవ. ఫ్యాన్లు పర్లేదు. బాత్రూముల గురించి ఆడవాళ్ళని అడగండి, నేను రాయను.

ఇప్పుడు అసలు విషయం. మనం చదివేదే విద్యా మనోవిజ్ఞానం కదా, పిల్లలు ఎలా నేర్చుకుంటారు, టీచర్ ఏం చేస్తే క్లాసులో పిల్లాడు నోరు విప్పుతాడు, ఏం చేస్తే మూసుకుంటాడు, ఇదంతా సిలబస్సే. ఆ సిలబస్ చెప్పే క్లాసులోనే ఇవేవీ జరగవు, అదీ తమాషా. విద్యాహక్కు చట్టం 2009 చెప్పేటప్పుడు ప్రాథమిక స్థాయిలో ముప్పై మందికి ఒక టీచర్ అని సార్ మైకులో చెప్తారు, మేం నాలుగొందల మంది రాసుకుంటాం. ఎన్‌సీఎఫ్ 2005 (జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం) మార్గదర్శక సూత్రాల్లో బట్టీ నుంచి అభ్యసనాన్ని బయటికి తేవాలి అని ఒకటుంది, ఆ ఐదు సూత్రాలూ గుర్తుండటానికి ఒక కోడ్ ఇచ్చి మూడుసార్లు అందరి చేతా గట్టిగా అనిపించారు. నవ్వొచ్చి పక్కకి చూస్తే పక్కనున్న అక్క కూడా నవ్వు ఆపుకుంటోంది.

కోడ్లని మరీ తీసిపారేయను లెండి. పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో చెప్పే పియాజే దశలకి ‘ఇంపూమూఅ’ అని ఒకటి చెప్పారు, ఇంద్రియ చాలక, పూర్వ ప్రచాలక, మూర్త ప్రచాలక, అమూర్త ప్రచాలక, జన్మలో మర్చిపోం. కానీ ఏడేళ్ళ లోపు పిల్లాడు వెడల్పు గ్లాసులో నీళ్ళు సన్న గ్లాసులోకి పోస్తే నీళ్ళు ఎక్కువయ్యాయని ఎందుకంటాడు అని ఎవరైనా అడిగితే కోడ్ సాయం రాదు కదా. ఎగ్జామ్‌లో ఇప్పుడు అలాంటి అన్వయం బిట్సే ఎక్కువ పడుతున్నాయి.

సైకాలజీ సార్ గురించి ఒక్క సంఘటన చెప్తా, సెంటర్ మొత్తం అర్థమైపోతుంది. స్కిన్నర్ అభ్యసన సిద్ధాంతం చెప్తున్నారు, ధన పునర్బలనం, ఋణ పునర్బలనం, దండన. వెనక వరసలో ఒకమ్మాయి లేచి ‘సార్, ఋణ పునర్బలనం అంటే దండనే కదా, రెండిటికీ తేడా ఏంటి’ అంది. చాలా మంచి డౌటు అది, సగం మందికి అదే ఉంటుంది. సార్ వాచీ చూసుకుని ‘అమ్మా, ఎగ్జామ్ పాయింటాఫ్ వ్యూలో అంత లోతు అక్కర్లేదు, డెఫినిషన్ రాసుకో చాలు’ అన్నారు, నాలుగు నవ్వులు వినపడ్డాయి, ఆ అమ్మాయి కూర్చుంది. మళ్ళీ ఆ నోట డౌటు అన్న మాట వినలేదు మేం. ‘అర్థమైందా?’ అంటే ‘అయింది సార్’ అని హాలంతా ఒకే పాట. ఆ ఆదివారం టెస్టులో ఏం వచ్చిందో తెలుసా, కార్లో సీటు బెల్టు పెట్టుకోగానే బీప్ ఆగిపోవడం దేనికి ఉదాహరణ అని. సగం హాలు దండన పెట్టింది. ఇష్టంలేనిది తీసేయడం వల్ల మనం ఆ పని మళ్ళీ చేస్తాం కాబట్టి అది ఋణ పునర్బలనం, దండన అయితే పని తగ్గాలి, ఇంతే తేడా. రెండు నిమిషాల్లో అయిపోయేది ఆ రోజు చెప్తే.

దానికి పూర్తి విరుద్ధం తెలుగు సార్. పెద్దాయన, రిటైరయ్యి వచ్చారు, మైకు పట్టుకోరు. ఛందస్సు అంటే సగం మంది వదిలేద్దాం అనుకునే టాపిక్ కదా. ఆయన గణాలు రాసేసి వదల్లేదు, ‘ఇవాళ మెస్సులో ఏం పెట్టారు?’ అని అడిగారు. ఎవరో సాంబారు నీళ్ళలా ఉందన్నారు. ఆయన కాసేపు ఆగి బోర్డు మీద రాశారు:

మెస్సున సాంబరే పలుచ మెల్లగ నీళ్ళను పోసిపోయిరే

హాలు పడీ పడీ నవ్వింది. తర్వాత ఒక్కొక్కళ్ళని పిలిచి గురువు లఘువు పెట్టమన్నారు. భ ర న భ భ ర వ వచ్చింది, ఉత్పలమాల. యతి ఎక్కడ అంటే పదో అక్షరం, ‘మెస్సు’లో మె కి ‘మెల్లగ’లో మె. తప్పు పెట్టిన వాళ్ళని ఏమీ అనలేదు, ‘సాం ఎందుకు గురువయింది చెప్పు’ అని అడిగి వాళ్ళ చేతే సరి చేయించారు, దీర్ఘం, పైగా సున్నా కూడా ఉంది కదా సార్ అనేదాకా వదల్లేదు. మర్నాడు చంపకమాలకి మావాళ్ళే లైన్లు కట్టుకొచ్చారు, హాస్టల్ వార్డెన్ మీద ఒకటి, అది ఇక్కడ రాయలేను. మొదట్లో వెనక డోరు దగ్గర కూర్చుని ఫోన్ చూసుకునే బ్యాచ్ కూడా ఆయన క్లాసుకి ముందుకొచ్చి కూర్చునేది. థార్న్‌డైక్ చెప్పిన అభ్యసన నియమాలు, సంసిద్ధతా నియమం, ఫలిత నియమం అన్నీ ఆయన క్లాసులో చూసుకోవచ్చు, ఆయన వాటి పేరు మాత్రం ఎత్తరు.

మాథ్స్, ఈవీఎస్ (పరిసరాల విజ్ఞానం) క్లాసులు యావరేజ్, నోట్స్ చెప్పేస్తారు, రాసుకోవడమే. ఇంగ్లీష్ మేడం బాగా చెప్తారు కానీ పీరియడ్లు తక్కువ.

టెస్టులు మాత్రం ఈ సెంటర్ బలం, ఇందులో రెండో మాట లేదు. ప్రతి ఆదివారం 160 బిట్స్, 80 మార్కులు, అచ్చం డీఎస్సీ ప్యాట్రన్. బిట్స్ ఎవరు తయారు చేస్తారో గానీ పాత గైడ్ల నుంచి దించినవి కావు, కొత్త టెక్స్ట్ బుక్కుల్లో మూలమూలలు వెతికి తీస్తారు. కీ అదే సాయంత్రం ఇస్తారు. సోమవారం ఒక జూనియర్ మేడం చిన్న రూములో తప్పుల క్లాసు పెడతారు, ఇష్టమున్న వాళ్ళు వెళ్ళొచ్చు, ముప్పై నలభై మంది వస్తారు. ఆ సీటు బెల్టు బిట్ నిజంగా అర్థమైంది అక్కడే. ఫీజులో సగం ఆ రూముకే ఇవ్వొచ్చు అనిపించింది నాకు.

ఒక లోటు ఏంటంటే టెస్టులు దాదాపు చివరి దాకా ఓఎంఆర్ షీటు (గడులు నింపే కాగితం) మీదే పెట్టారు. అసలు పరీక్ష జూన్ 6 నుంచి జూలై 2 దాకా కంప్యూటర్ మీద జరిగింది. నోటిఫికేషన్ వచ్చాక హడావిడిగా ఒక యాప్ తెచ్చారు, అందరూ ఒకేసారి లాగిన్ అయితే హ్యాంగ్. రోజుకి రెండు షిఫ్టులు, ఒక్కో షిఫ్టుకి ఒక్కో పేపరు, తర్వాత నార్మలైజేషన్ (పేపర్ల కష్టాన్ని బట్టి మార్కులు సరిచేయడం), దాని గురించి అడిగితే ‘అవన్నీ ప్రభుత్వం చూసుకుంటుంది’ అని వదిలేశారు. జనానికి టెన్షన్ అంతా దాని మీదే కదా, కనీసం ఒక క్లాసు పెట్టాల్సింది.

ర్యాంకుల లిస్టు గురించి కూడా చెప్పాలి. పేరు, మార్కులు, ర్యాంకు, అన్నీ వాట్సాప్ గ్రూపులో పెట్టేస్తారు. పది లోపు వాళ్ళకి క్లాప్స్ ఎమోజీలు, అడుగున ఉన్నవాళ్ళు చడీ చప్పుడు లేకుండా గ్రూపులోంచి ఎగ్జిట్. పైగా సోమవారం పొద్దున అసెంబ్లీ లాగా మైకులో తక్కువ వచ్చిన వాళ్ళ పేర్లు చదివి ‘వీళ్ళా రేపు పిల్లలకి చెప్పేది’ అని ఒక డైలాగ్. అంతకు ముందు వారమే విద్యాహక్కు చట్టం సెక్షన్ 17 చెప్పారు, శారీరక దండన, మానసిక వేధింపు నిషేధం అని. టెస్టులో అది కూడా వచ్చింది, అందరూ కరెక్ట్ పెట్టాం. అలా పేరు చదివించుకున్న ఒక అక్క, ఇద్దరు పిల్లల తల్లి, ఆదివారం టెస్టులకి రావడమే మానేసింది, పేపరు మాత్రం మా దగ్గర జెరాక్స్ తీసుకుని రూములో రాసుకునేది. మార్కులు కూడా బాగానే వచ్చేవి, లిస్టులో ఎవరికీ తెలియవు అంతే.

కోర్సు చివర్లో ఫీడ్‌బ్యాక్ ఫారం ఇచ్చారండోయ్. పైన పేరు, అడ్మిషన్ నంబరు, ఫోన్ నంబరు తప్పనిసరి. పక్కన ఆఫీసు మేడం నిలబడి ఉంటుంది, నింపాక ఒకసారి చదివి తీసుకుంటుంది. ఇంకేం, నాలుగొందల ఫారాలూ ఎక్సలెంటే. వాటినే బోర్డు మీద అంటించి కొత్త బ్యాచ్‌కి చూపిస్తున్నారు. నింపేటప్పుడు నా వెనక కుర్రాడు ‘సలహాలు’ దగ్గర ‘బాత్రూమ్’ అని ఒక్క మాట రాశాడు, మేడం వైట్‌నర్ ఇచ్చింది.

చేరాలా వద్దా అంటే, టెట్‌లో, అంటే టీచర్ అర్హత పరీక్షలో, మంచి స్కోరు ఉండి (డీఎస్సీలో దానికి 20 శాతం వెయిటేజీ కదా, అది తక్కువేం కాదు) సబ్జెక్టు ఒకసారి సొంతంగా చదివేసిన వాళ్ళు టెస్ట్ సిరీస్ ఒక్కటే తీసుకోండి, అది విడిగా ఇస్తారు, అడగకపోతే చెప్పరు. తప్పుల క్లాసు టెస్ట్ సిరీస్ వాళ్ళకి కూడా ఉంటుందని రసీదు మీద రాయించుకోండి. ఏమీ చదవకుండా సెంటరే చూసుకుంటుందిలే అనుకుని వచ్చే ఫ్రెషర్స్‌కి మాత్రం ఈ హాలు పడదు, తక్కువ మంది ఉన్న చోటు చూసుకోండి. డెమో క్లాసుకి తెలుగు సార్‌నే పంపుతారు, అది చూసి మొత్తం ఫీజు కట్టేయకండి, సైకాలజీ క్లాసులో ఒక గంట కూర్చుని, ఒక డౌటు అడిగి చూసి అప్పుడు కట్టండి. ఇన్‌స్టాల్‌మెంట్లు ఉన్నాయి, మధ్యలో మానేస్తే రూపాయి వెనక్కి రాదు. మెటీరియల్ బుక్కులు ఫీజులోనే, ప్రింటింగ్ బాగుంది.