సిలికాన్ మీద వెండి పొరలు: లీడ్, ఎస్‌టీఎం ఏళ్ళ తరబడి వాడాక

గచ్చిబౌలి వైపు ఒక ల్యాబ్‌లో పీహెచ్‌డీ మొదలైనప్పటి నుంచి నా పనంతా ఒకే సెటప్ మీద. ఒక స్టీలు చాంబర్, అందులో వెండిని ఆవిరి చేసే సెల్, ఒక లీడ్ (LEED, తక్కువ శక్తి ఎలక్ట్రాన్లతో ఉపరితలం అమరిక చూసే పరికరం), పక్క చాంబర్‌లో ఎస్‌టీఎం (STM, సన్న సూదిని ఉపరితలానికి అతి దగ్గరగా కదిపి పరమాణు స్థాయి బొమ్మ తీసే మైక్రోస్కోపు). సిలికాన్ స్ఫటికం మీద ఒకటి రెండు పరమాణువుల మందాన వెండి వేసి, అవి ఎలా సర్దుకున్నాయో చూడాలి. కొత్తగా చేరే ప్రతి ఒక్కరూ ఎస్‌టీఎం గురించే అడుగుతారు. నేనైతే సూటిగా చెప్తాను: డబ్బు ఒక్కదానికే సరిపోతే లీడ్ కొనండి.

లీడ్‌లో తక్కువ శక్తి ఎలక్ట్రాన్లను స్ఫటికం మీదకు పంపి, తిరిగొచ్చిన వాటిని ఫ్లోరసెంట్ తెర మీద చుక్కలుగా చూస్తాం. 100 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర వాటి తరంగదైర్ఘ్యం 1.2 ఆంగ్‌స్ట్రాములు, అంటే పరమాణువుల మధ్య దూరాల స్థాయిలోనే, పైగా అవి లోతుకు పోలేవు కాబట్టి పై రెండు మూడు పొరల సంగతే చెప్తాయి. 1927లో డేవిసన్, జెర్మర్ నికెల్ మీద చూసిందీ ఈ వ్యవహారమే. సిలికాన్‌ను కాసేపు 1200 డిగ్రీలకు తీసుకెళ్ళి మెల్లగా చల్లార్చి, గదిలో లైట్లు ఆపేస్తే, పెద్ద చుక్కల మధ్య ఆరేసి సన్న చుక్కలు వరసగా కనబడతాయి. అదే 7×7, అంటే శుభ్రమైన సిలికాన్ పై పరమాణువులు ఏడేసి రెట్ల పెద్ద గడులుగా సర్దుకున్న అమరిక. అవి రాలేదంటే ఉపరితలం మురికిగా ఉందన్నమాట, వెండి జోలికి పోకండి. వచ్చాయా, స్ఫటికాన్ని 500 డిగ్రీల దగ్గర ఉంచి వెండి వదులుతూ మధ్యమధ్యలో ఆపి చూడండి, సన్న చుక్కలు మసకబారుతూ 30 డిగ్రీలు తిరిగిన √3 అమరిక (గడి √3 రెట్లు పెద్దదైన వెండి-సిలికాన్ అమరిక) పైకొస్తుంది. గది ఉష్ణోగ్రతలోనే వేస్తే మాత్రం √3 రాదు, వెండి తన సొంత అమరికలో దిబ్బలు కడుతుంది. ఇదంతా ఒక్క పూటలో తేలిపోతుంది.

ఇక ఎస్‌టీఎం. 1981లో బిన్నిగ్, రోరర్ దీన్ని తయారు చేశారు, 1986లో నోబెల్ వచ్చింది, బాగా పనిచేసిన రాత్రి దీన్ని మించింది లేదు. ఆ మంచి రాత్రి కోసమే టెన్షన్. టంగ్‌స్టన్ సూదిని సోడియం హైడ్రాక్సైడ్‌లో ఎంత జాగ్రత్తగా చెక్కినా మొన బాగుందో లేదో స్కాన్ చేసేదాకా తెలీదు. స్కాన్ చేసేటప్పుడు టర్బో పంపు (వేగంగా తిరిగే రెక్కల వాక్యూమ్ పంపు) ఆపి, కదిలే భాగాలు లేని అయాన్ పంపు మీదే నడపాలి, లేకపోతే బొమ్మ నిండా గీతలే. మా పక్క స్థలంలో పునాదుల కోసం రాయి కొట్టడం మొదలుపెట్టాక (హైదరాబాద్‌లో ఎక్కడ తవ్వినా గ్రానైటేగా) పగలు స్కాన్ మానుకుని రాత్రుళ్ళకు మారిపోయాం.

ఇంకో సంగతి, అందులో వెలిగే ప్రతి మచ్చా పరమాణువు కాదు. సూది చూసేది ఎలక్ట్రాన్లను. √3 వెండి మీద ఖాళీ ఎలక్ట్రాన్ స్థాయిల బొమ్మ తీస్తే మెరిసేది మూడేసి వెండి పరమాణువుల నడుమ ఉన్న చోటు, పరమాణువులు కాదు. మచ్చలు లెక్కపెట్టి నమూనా గీసేస్తే తప్పుదారి పడతాం. ఎత్తులకు మాత్రం దీన్ని నమ్మొచ్చు: వెండి (111) ముఖం మీద ఒక్క పొర మెట్టు 2.36 ఆంగ్‌స్ట్రాములు, దాంతోనే మేం సరిచూసుకుంటాం.

అసలు బాధ వాక్యూమ్‌తో. 10⁻⁶ టార్ (పీడనపు కొలత) దగ్గర, తగిలిన వాయువంతా అంటుకుంటే సెకనులో ఉపరితలం కప్పుకుపోతుంది, అందుకే 10⁻¹⁰కి దిగాలి. చాంబర్ ఒకసారి తెరిస్తే మళ్ళీ ఫాయిల్ చుట్టి 150 డిగ్రీల దాకా గోడలకు పట్టిన తేమ పోయేలా రోజుల తరబడి కాల్చాల్సిందే. మే నెల గాలివానలకు కరెంటు పోతే టర్బో దిగిపోతుంది, చాంబర్‌కూ పంపుకూ మధ్య ఉండే గేట్ వాల్వ్ దానంతటదే మూసుకునేది కాకపోతే ఆ కాల్పంతా వృథా. మాకు అమ్మిన కంపెనీ సర్వీసు మాత్రం ఘోరం, లీడ్ ఫిలమెంట్ ఒకటి కాలిపోతే కొత్తది చేతికొచ్చేసరికి సెమిస్టర్ దాటిపోయింది. కొనేవాళ్ళు స్పేర్ ఫిలమెంట్లు, గేట్ వాల్వ్, అయాన్ పంపుకు యూపీఎస్, మూడూ కొటేషన్‌లోనే రాయించుకోండి, తర్వాత అడిగితే వేరే బడ్జెట్ హెడ్ అంటారు.